షట్టరు కింద సందు మూయడం ఎలా: నల్లరేగడి నేల మీద ఒక గ్యారేజీ కథ

మా ఇల్లు గుంటూరులో కొరిటెపాడు వైపు. కారు పెట్టుకునే గదికి పదడుగుల వెడల్పు రోలింగ్ షట్టరు ఉంది. దించితే ఎడమ పక్క నేలకు ఆనేది, కుడి పక్క రెండంగుళాల పైనే తేలి ఉండేది. పొద్దున్నే అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లితే సగం నీళ్లు షట్టరు కింద నుంచి లోపలికే వెళ్లేవి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఏళ్ల తరబడి అలాగే సర్దుకుపోయాం. ఒకరోజు కారు స్టార్ట్ కాలేదు. బానెట్ ఎత్తి చూస్తే వైర్లు కొరికేసి, లోపలి దూది లాంటి షీటు పీకి పరుపు వేసుకుని, పక్కనే ఎండుకొబ్బరి చిప్ప కూడా దాచుకుని ఉంది ఎలుకగారి కాపురం. ఆ మెకానిక్ బిల్లు చూశాకే సందు సంగతి గుర్తొచ్చింది.

మొదట చేసింది తప్పు పని. తెలిసిన మేస్త్రీని పిలిచి, సందు ఉన్న వైపు సిమెంటు పెట్టించేశాం. గంటలో పని అయిపోయింది, చూడ్డానికి బాగానే ఉంది. రెండు వారాలు కారు టైరు ఎక్కి దిగేసరికి అది పెనం మీద అట్టులా అంచుల నుంచి లేచి వచ్చేసింది. రెండోసారి కాస్త ఆలోచించి చేశాం. మీరు మా రెండో దారిలోనే మొదలుపెట్టండి.

అసలు నేల ఎందుకు కుంగుతుంది

గుంటూరు చుట్టుపక్కల ఎక్కువ భాగం నల్లరేగడి. ఈ బంకమన్ను తడిస్తే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఇంటి గోడలకు, పిల్లర్లకు పునాది లోతుగా ఉంటుంది కాబట్టి అవి పెద్దగా కదలవు. షట్టరు వాటికే బిగించి ఉంటుంది. గ్యారేజీ నేల మాత్రం పూడిక మట్టి మీద పరిచిన నాలుగంగుళాల కాంక్రీటు. కింద మట్టి ఎటు పోతే అదీ అటే పోతుంది. మా కుడి పక్క వీధి కాలవ ఉంది, మట్టి అటు వైపే కుంగింది.

అందుకని ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. మీరు ఇవాళ కొలిచిన సందు ఆరు నెలల తర్వాత అంతే ఉండదు. ఏం బిగించినా, మళ్లీ కాస్త పైకీ కిందికీ జరుపుకునేలా బిగించాలి. మేం మొదటిసారి చెయ్యనిది అదే.

తప్పు నేలదా, షట్టరుదా?

షట్టరు పూర్తిగా దించి తాళం వెయ్యండి. చీకటి పడ్డాక లోపల నేల మీద ఒక టార్చి పెట్టి బయటి నుంచి చూడండి. వెలుగు ఎక్కడ సన్నగా, ఎక్కడ లావుగా వస్తోందో ఇట్టే తెలుస్తుంది. తర్వాత లోపలి నుంచి అర అడుగుకొక చోట స్కేలు నిలబెట్టి సందు కొలిచి, అంకెను అక్కడే షట్టరు మీద సుద్దతో రాయండి. మిల్లీమీటర్లలో రాయండి, అంగుళాల్లో సగాలూ పావులూ లెక్క తప్పుతాయి. పదడుగుల షట్టరుకు ఇరవయ్యొక్క అంకెలు వస్తాయి. బద్ధకించి రెండు మూలలూ మధ్యా మాత్రమే కొలవొద్దు. నేల తిన్నగా వాలదు, మధ్యలో ఎక్కడో బొడిపె ఉంటుంది. రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే కారణం ఆ బొడిపే.

ఇప్పుడు షట్టరు సంగతి. మేస్త్రీలు వాడే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ఇరవై అడుగులు తెచ్చి నీళ్లు నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. షట్టరు రెండు మూలల్లోనూ కింది అంచు నుంచి సరిగ్గా ఒక అడుగు పైన గీత పెట్టి, ట్యూబు రెండు కొసలూ ఆ గీతల దగ్గర పట్టుకోవాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. నీటి మట్టం రెండు గీతలకూ కలిసిందంటే షట్టరు సరిగ్గానే ఉంది, తప్పు నేలదే. కలవకపోతే షట్టరే ఒక పక్క ఎత్తుగా ఆగిపోతోంది.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. కుడి మూల షట్టరు 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఆగుతోంది. కారణం వెతికితే గైడ్ ఛానల్‌కి (షట్టరు పక్క అంచు జారే ఇనుప గాడికి) కింద, మోకాలి ఎత్తులో, ఒక సొట్ట. ఎప్పుడో కారు వెనక్కి తీస్తూ బంపరు తగిలించినది. ఎవరు తగిలించారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని విషయం.

ఛానల్‌ను బాగు చేయండి

రబ్బరూ సిమెంటూ తర్వాత. షట్టరు పైకి ఎత్తి, రెండు పక్కల ఛానళ్లలో కింద గడ్డకట్టిన మట్టిని పాత స్క్రూడ్రైవరుతో గోకి తీసేయండి. పాత గ్రీజు, దుమ్ము కలిసి అడుగున బిరడాలా తయారవుతుంది, దానికి తగిలి షట్టరు ఆగిపోతుంది. కిరసనాయిల్ దొరికితే గుడ్డతో తుడవండి, లేదా డీజిల్. తర్వాత గ్రీజు పలచగా పూయండి, ముద్దలు పెడితే మళ్లీ మట్టి పట్టుకుంటుంది.

ఛానల్ లోపలికి వంగి ఉంటే ఒక చెక్క ముక్క లోపల పెట్టి దాని మీద సుత్తితో మెల్లగా కొట్టి సరిచేయొచ్చు. పలకలు పక్కకు జరిగి ఛానల్‌ను రాసుకుంటుంటే మాత్రం షట్టరు మెకానిక్‌ను పిలవండి. పైన డబ్బాలో ఉండే స్ప్రింగుల జోలికి మీరు వెళ్లకండి. అవి షట్టరు బరువంతా మోసేలా బిగుతుగా చుట్టి ఉంటాయి, బోల్టు వదులైతే చెయ్యి విరుగుతుంది.

మా సొట్ట తీశాక 57 మిల్లీమీటర్లు ఉన్న సందు 45కి దిగింది. పైసా ఖర్చు లేదు.

ఎంత సందుకు ఏం చెయ్యాలి

చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరే చోటంతా దానికి దారే. పెద్ద ఎలుకకు అర అంగుళం కావాలి. కాబట్టి "కొంచెమే కదా" అని వదిలెయ్యడానికి లేదు.

సందు 20 మిల్లీమీటర్ల లోపే ఉంటే నేలను ముట్టుకోవద్దు, రబ్బరు పట్టీ ఒక్కటే చాలు. 20 నుంచి 40 మధ్య ఉంటే రబ్బరుతో చెయ్యొచ్చు గానీ, అంత పొడుగ్గా వేలాడే రబ్బరును ఎలుక తలతో తోసుకుని వచ్చేస్తుంది. వెనకాల సన్నటి ఇనుప జాలీ కూడా బిగించాలి. 40 దాటితే నేలను కొంత ఎత్తు చేసి, మిగిలింది రబ్బరుకు వదిలేయడం మేలు.

ఇంకో సలహా కూడా వస్తుంది, వెల్డింగు చేసే అబ్బాయి మాకూ చెప్పాడు. "కింద ఇంకో ఇనుప ప్లేటు నేల వాలుకు కోసి వెల్డింగు పెట్టేద్దాం సార్, గంట పని." గట్టిగానే ఉంటుంది. కానీ వానాకాలం నేల ఉబ్బితే ఆ ప్లేటు నేలకు కొట్టుకుని షట్టరు తాళమే పడదు. ఆ బరువు స్ప్రింగు మీదా పడుతుంది. పదడుగుల 40×5 మిల్లీమీటర్ల ఇనుప ఫ్లాట్ పట్టీ ఒక్కటే దాదాపు 5 కిలోలు. షట్టరు సగంలో వదిలితే దానంతటదే జారి దబ్బున పడుతుంది. నల్లరేగడి నేలకు ఈ పద్ధతి నేను చెప్పను.

నేల ఎత్తు చేయడం

20 లోపు సందు ఉన్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు.

ముందు ఒక బకెట్ నీళ్లు లోపల పోసి ఎటు పోతున్నాయో చూడండి. కారు లోపలే కడుగుతారనుకోండి, మీరు ఎత్తు చేయబోయే పల్లపు మూల నుంచే నీళ్లు బయటికి పోతుంటే, అక్కడ సిమెంటు పెట్టగానే గది చెరువవుతుంది. అలాంటి చోట ఎత్తు కట్టొద్దు, జాలీ వెనకేసిన రబ్బరుతోనే సరిపెట్టుకోండి. దాని కింద నుంచి నీళ్లు మెల్లగానైనా బయటికి ఊరతాయి. మేం కారు బయట కడుక్కుంటాం కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది.

సుద్ద అంకెలు చూసుకుంటే ఎడమ నుంచి నాలుగున్నర అడుగుల దాకా మా సందు 20 లోపే ఉంది. మిగిలిన ఐదున్నర అడుగులే నింపాలి. అదీ పూర్తిగా కాదు, ఎక్కడైనా 20 మిగిలేలా. అంటే కుడి మూలలో 25 మిల్లీమీటర్ల ఎత్తు, అక్కడి నుంచి ఎడమకు తగ్గుతూ సున్నా.

మొదటిసారి అట్టులా లేచిపోవడానికి కారణాలు రెండు. ఒకటి, నేల మీద ఆయిల్ మరకలున్నా, నున్నగా ఉన్నా అలాగే సిమెంటు పోశారు. రెండోది, అంచులు కాగితంలా సన్నబడ్డాయి. సన్నటి అంచు టైరు కింద నలిగిపోతుంది, ఎంత మంచి సిమెంటైనా అంతే. దీనికి విరుగుడు గాడి. షట్టరు దిగే గీతకు అటూ ఇటూ అర అడుగు చొప్పున, మొత్తం అడుగు వెడల్పున, గ్రైండరుతో గీసి ఒక అంగుళం లోతు కాంక్రీటు కొట్టించేయండి. అప్పుడు అంచులో కూడా అంగుళం మందం దొరుకుతుంది, పై ముఖం మాత్రం పాత నేలతో కలిసిపోతుంది. దుమ్ము విపరీతం, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కారు బయట పెట్టండి.

గాడిని ఊడ్చి, కడిగి, రాత్రంతా తడిగా ఉంచండి. పోసే ముందు నిలవ నీళ్లు తుడిచేసి, సిమెంటు పాలు బ్రష్షుతో పట్టించాలి. హార్డ్‌వేర్ షాపులో ఎస్‌బీఆర్ లేటెక్స్ అని పాలలాంటి ద్రవం అమ్ముతారు, సిమెంటు పాలలో అది కలిపితే పాతకూ కొత్తకూ పట్టు బాగుంటుంది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. ఆ పూత ఆరిపోకముందే కాంక్రీటు పడాలి.

ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు వంతులు 6 మిల్లీమీటర్ల చిప్స్, అంటే సన్న కంకర. ఇసుక జల్లించండి. నీళ్లు తక్కువ పొయ్యమని మేస్త్రీకి నిలబడి చెప్పాలి, లేకపోతే పని తేలికవుతుందని జారుగా కలిపేస్తారు. ముద్ద పిడికిట్లో పట్టి వదిలితే నిలబడాలి. పై మట్టం కోసం షట్టరు కింది అంచు నుంచి 20 మిల్లీమీటర్లు కిందకు రెండు కొసలా గుర్తు పెట్టి దారం లాగండి, దాని ప్రకారం బద్దతో సరిచేసి తాపీ పట్టించండి. షట్టరు గీత దగ్గరే ఎత్తు ఎక్కువ ఉండాలి, అక్కడి నుంచి రెండు పక్కలకూ వాలు. బయటి వాలు కాస్త ఎక్కువగా ఉండాలి, కళ్లాపి నీళ్లు వెనక్కి రాకుండా. నున్నగా రుద్దొద్దు, టైరు జారుతుంది.

మర్నాటి నుంచి తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు తడపండి. మే నెలలో అయితే రోజుకు మూడుసార్లు. ఆ ఏడు రోజులూ కారు వీధిలోనే. ఇంట్లో వాళ్లు నాలుగో రోజే "ఇంక గట్టిపడిందిలే" అంటారు. వినొద్దు.

రబ్బరు పట్టీ

అసలు పని ఇదే. రబ్బరు ఎక్కడ కొనాలంటే, గుంటూరులో ఆటోనగర్ వైపు తిరిగితే దొరుకుతుంది. 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం, 3 అంగుళాల వెడల్పు, షట్టరు పొడవంత ఒకే ముక్క తీసుకోండి. వాడేసిన కన్వేయర్ బెల్టు ముక్క దొరికితే ఇంకా మంచిది, లోపల గుడ్డ పొరలుంటాయి కాబట్టి ఎలుక అంత తేలిగ్గా కొరకలేదు. లారీ ట్యూబు వద్దు, పలచగా ఉండి మడతపడిపోతుంది. రబ్బరును నొక్కి పట్టడానికి 25×3 ఇనుప ఫ్లాట్ పట్టీ. అది పదడుగులకు రెండు కిలోల లోపే ఉంటుంది, స్ప్రింగుకు భారం కాదు.

ఇప్పుడు నేల ఆకారాన్ని రబ్బరు మీదకు ఎక్కించాలి. షట్టరు దించి, లోపలి వైపు రబ్బరు పట్టీని కింది అంచుకు సమంగా నిలబెట్టి నాలుగు చోట్ల క్లాంపులతో పట్టించండి. మిగిలిన సందు ఎక్కువలో ఎక్కువ 20 కదా, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక చెక్క ముక్క తీసుకోండి. దాని మీద తెల్ల మార్కరు పడుకోబెట్టి టేపు చుట్టండి, మొన రబ్బరుకు తగలాలి. ఆ చెక్కను నేల మీద ఆనించి ఒక మూల నుంచి ఇంకో మూలకు, ఎత్తకుండా, నిదానంగా లాక్కుంటూ వెళ్లండి. నేల ఎక్కడ లేస్తే గీత అక్కడ లేస్తుంది, ఎక్కడ దిగితే అక్కడ దిగుతుంది. బొడిపె కూడా గీతలోకి వచ్చేస్తుంది. ఆ గీత వెంబడి పదునైన కట్టరుతో కోసేయండి. బ్లేడుకు సబ్బునీళ్లు రాస్తే రబ్బరు పట్టకుండా జారుతుంది.

కోశాక నేల ఎత్తుగా ఉన్న చోట రబ్బరు 50 మిల్లీమీటర్లు, పల్లంలో 70 మిగులుతుంది. దాన్ని కిందికి దించితే కింది అంచు నేలకు అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది. ఇంకో 5 మిల్లీమీటర్లు అదనంగా కిందికి దించి బిగిస్తే, షట్టరు మూసినప్పుడు రబ్బరు కాస్త వంగి నేలను నొక్కుతుంది. అంతకు మించి దించొద్దు. రబ్బరు మరీ నొక్కితే షట్టరు పైకి తన్ని, తాళం కడ్డీ రంధ్రంలోకి పోదు. రోజూ ఒక కాలితో షట్టరును తొక్కి పట్టుకుని తాళం వెయ్యాల్సి వస్తుంది.

ఫ్లాట్ పట్టీకి, షట్టరు అడుగున ఉండే ఇనుప యాంగిల్‌కి అర అడుగుకొక 6.5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. రబ్బరుకు మాత్రం గుండ్రటి రంధ్రం వద్దు. నిలువుగా 20 మిల్లీమీటర్ల పొడవు గాట్లు కోయండి. మొదట్లో చెప్పిన జరుపుకునే ఏర్పాటు ఇదే. 6 మిల్లీమీటర్ల బోల్టులు, వాషర్లు పెట్టి, నట్లు లోపలి వైపుకు వచ్చేలా బిగించండి. బయట గుండ్రటి తల బోల్టులుంటే దొంగకు స్పానర్ పట్టే వీలుండదు. నేలలో తాళం కొక్కెం ఉంటే ఆ మేర రబ్బరు కోసి వదలండి. మోటారు షట్టరైతే కింద ఆగే లిమిట్‌ను కొత్తగా సెట్ చేయించాలి, లేకపోతే మోటారు రబ్బరును తొక్కేస్తూ ఉంటుంది.

రెండు మూలలు

ఎలుకలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, అందరూ మర్చిపోయేదీ ఇదే. రబ్బరు గైడ్ ఛానల్ లోపలికి వెళ్లకూడదు, రాసుకుని చిరిగిపోతుంది. అందుకని ఛానల్ అంచు దగ్గరే ఆపేస్తాం. దాంతో ఛానల్ అడుగున బొటనవేలంత కన్నం మిగులుతుంది. షట్టరు దిగే మేర వదిలి, ఛానల్‌కూ గోడకూ మధ్య ఉన్న సందులో గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు పూయండి. స్టీలు పీచును ఎలుక కొరకదు. ఛానల్ ముందు మాత్రం షట్టరు కదలాలి కాబట్టి, గట్టి కుచ్చు బ్రష్ ముక్క ఒకటి నిలువుగా స్క్రూ చేస్తే సరిపోతుంది.

పరీక్ష, ఆ తర్వాత

మళ్లీ రాత్రి టార్చి పెట్టి చూడండి. పగలైతే న్యూస్ పేపరు ముక్క రబ్బరు కింద పెట్టి షట్టరు దించి లాగండి. బిగుతుగా వస్తే సరే, ఊరికే జారి వస్తే అక్కడ బోల్టు వదులు చేసి రబ్బరు కిందికి జరపండి. చివరికి బయటి నుంచి రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. సన్నగా చెమ్మ రావడం మామూలే.

ఇది చిమ్మే వానను, కళ్లాపిని, దుమ్మును ఆపుతుంది. వరదను ఆపదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి, గంటలో లోపలికీ వచ్చేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు ముంచితే ఏ రబ్బరూ పనికిరాదు. అలాంటి కబురు వింటే ఇసుక బస్తాలు అడ్డం పెట్టండి, కారు ఎత్తు మీదకు తీసుకుపోండి.

ఏడాదికి రెండుసార్లు, ఉగాది దాటాక ఒకసారి, కార్తీకంలో ఒకసారి, టార్చి వెయ్యండి. షట్టరు లోపల సుద్ద అంకెల స్థానంలో మేం మార్కరుతో రాసుకున్నాం. కుడి మూల దగ్గర మేలో 24 అని ఉంది, దాని కిందే నవంబరులో 19. ఆ రెండింటి మధ్య 5 మిల్లీమీటర్లు నల్లరేగడిది. పది నంబరు స్పానర్ ఒకటి పక్క మేకుకు తగిలించి ఉంచాం, రబ్బరు జరపడానికి పావుగంట పడుతుంది.